ఆంటీ ఒళ్లోని హ్యాండ్‌బ్యాగ్

తుపాకీ తుడిచే నూనెకు ఒక వాసన ఉంటుంది. కుట్టుమిషన్ నూనెకు దగ్గరగా, దానికన్నా కొంచెం ఘాటుగా. ఈ ఉదయం వంటింటి బల్ల మీద పాత తువ్వాలు పరిచి రివాల్వర్‌కు ఆ నూనె రాస్తుంటే, రాజ్యలక్ష్మి ఆంటీ వచ్చి ఎదురు కుర్చీలో కూర్చున్నట్టయింది. హ్యాండ్‌బ్యాగ్ ఒళ్లో పెట్టుకుని, "కిటికీ తెరవవే, ఈ కంపులో కాఫీ ఎలా తాగుతావు?" అని కసిరినట్టే అనిపించింది. లేచి కిటికీ తెరిచాను. బయట అపార్ట్‌మెంట్ పార్కింగ్ లాట్, దాని అవతల హైవే, ఎప్పటి బెంటన్‌విల్లే. ఆంటీ మొన్న చలికాలంలో న్యుమోనియాతో ఆసుపత్రిలో పోయారు. అప్పటినుంచి నన్ను కసిరేవాళ్లు లేరు.

ఆవిడను మీరెవరూ చూసి ఉండరు. పొట్టి మనిషి. నేత చీర మీద ఫ్లీస్ జాకెట్, కాళ్లకు స్నీకర్లు. తెనాలి వైపు నుంచి వచ్చిన మత్తు డాక్టరు. ఎవరూ రావడానికి ఒప్పుకోని చిన్న ఊరి ఆసుపత్రిలో వయసులో ఉండగా చేరి, రిటైరయ్యేదాకా అక్కడే ఉండిపోయారు. ఎమర్జెన్సీ అంటే వేళాపాళా లేకుండా అడవి దారుల్లో ఒంటరిగా కారు నడపాల్సి వచ్చేది. ఆపరేషన్ థియేటర్లో ఆవిడతో పనిచేసిన డెబ్బీ అనే నర్సు, తర్వాత పక్కింటావిడ కూడా అయింది, ఒక తుపాకీ దగ్గర ఉంచుకోమని దుకాణానికి తీసుకెళ్లిందట. అలా కొన్నదే, మందు ఎక్కువుండే పెద్ద తూటాలు పట్టే ఈ పొట్టి మ్యాగ్నమ్ రివాల్వర్. తలా ఒక వంట తెచ్చుకునే మన పాట్‌లక్‌లలో అందరూ సంచులు సోఫా మీద పడేసి పులిహోర దగ్గరికి పరుగెత్తితే, ఆంటీ మాత్రం ప్లేటు ఒక చేత్తో, బ్యాగ్ ఒళ్లో పెట్టుకుని తినేవారు. పిల్లలు ఆవిడకు హ్యాండ్‌బ్యాగ్ ఆంటీ అని పేరు పెట్టారు. దసరాకు ఆయుధపూజ అంటే మనం కారుకు బొట్టు పెట్టి, నిమ్మకాయలు తొక్కించి ఊరుకుంటాం. ఆవిడ స్టెతస్కోపు పక్కన తూటాలు తీసేసిన రివాల్వర్ కూడా పెట్టి కుంకుమ అద్దేవారు. వాళ్లాయన ప్రసాదరావు అంకుల్, జియాలజీ ప్రొఫెసర్‌గా చేసినాయన, "మా ఇంట్లో అమ్మవారికి పర్మిట్ కూడా ఉందండోయ్" అని నవ్వించేవారు.

ఇక నా సంగతి. నా కాపురం డాలస్‌లోనే ముగిసిపోయింది, దాని గురించి ఇక్కడ రాయను. కాంట్రాక్టు మీద ఈ ఊరొచ్చాను. ఇక్కడ స్నేహాలకు ప్రాజెక్టుతో పాటే గడువు. ఇవాళ మనింట్లో దోసెలు తిన్నవాళ్లు వచ్చే నెలకు అట్లాంటాలోనో హెర్న్‌డన్‌లోనో ఉంటారు. వాళ్లు వదిలేసిన మనీప్లాంట్లన్నీ నా బాల్కనీకి చేరాయి. గ్రీన్ కార్డు వచ్చిన రోజున ఆ మాట చెప్పుకోవడానికి ఫోన్లో పేర్లన్నీ తిరగేసి, చివరికి మొక్కలకు నీళ్లు పోశాను. ఆ తర్వాత కొద్దిరోజులకే, ఇంటినుంచి పనిచేసుకుంటున్న ఒక మధ్యాహ్నం, ఎవడో నా తలుపు హ్యాండిల్ తిప్పాడు. ఒకసారి కాదు, ఆగి ఆగి తిప్పాడు. తర్వాత వెళ్లిపోయాడు. పోలీసులను పిలిస్తే, వచ్చినాయన తలుపు పొరబడి ఉండొచ్చని మర్యాదగానే చెప్పాడు. ఉండొచ్చు. నాకు మాత్రం ఆనాటినుంచి హ్యాండిల్ మీదే కన్ను.

వీసా మీద ఉన్నన్నాళ్లూ తుపాకీ ఆలోచనే రాలేదు, మనకు కుదరదు కూడా. ఇప్పుడు కుదురుతుంది. ఐటీ మనిషిని కదా, భయం వేసినా ముందు ఎక్సెల్ షీటే తెరుస్తాను. బరువు, పొడవు, తూటాలెన్ని, ధర, రివ్యూలు. ప్రెషర్ కుక్కర్ కొన్నట్టే పోల్చి చూసి, అన్నిటికన్నా తేలికైన మ్యాగ్నమ్ రివాల్వర్ ఉన్న వరసకు ఆకుపచ్చ రంగు వేశాను. అది ఆంటీకి చూపిస్తే ఆవిడ కళ్లజోడు పైకి తోసుకుని చదివారు.

"తేలిగ్గా ఉందని తీసుకుంటున్నావా?"

"అవునాంటీ. రోజూ మోయాలి కదా."

"పిచ్చిదానా, తుపాకీ ఎంత తేలికైతే పేలినప్పుడు నీ చేతిమీద దెబ్బ అంత గట్టిగా పడుతుంది. బరువే ఆ దెబ్బని మింగేది. ఈ కాలమ్ నీ షీట్లో ఏదీ?"

అంత షీటు చేసి అసలు సంగతే వదిలేశాను. ఆవిడ అంతటితో ఆగలేదు. "బెల్టు కట్టవు, నీ కుర్తాలకు జేబులుండవు. అంటే బ్యాగులోనే పెట్టాలి. బ్యాగు సంగతి ముందు తేలాలి" అంటూ వంటింట్లోకి వెళ్లి, అల్లం దంచే చిన్న రాతి బండ తెచ్చి నా చేతిలో పెట్టారు. "కొన్నాళ్లు దీన్నే తుపాకీ అనుకుని మొయ్యి. బ్యాగు నీ ఒంటిని వదలకూడదు. కార్లో వదలకూడదు, కార్ట్‌లో పెట్టకూడదు, ఇంకొకళ్ల చేతికివ్వకూడదు. చేయగలిగితే అప్పుడు దుకాణానికెళ్దాం."

నవ్వొచ్చింది కానీ మోశాను. ఆఫీసుకు, కిరాణాకు, డెంటిస్టు దగ్గరికి. భుజం లాగేసేది. అలవాటయిందనుకున్న వేళకు ఉగాది పాట్‌లక్ వచ్చింది. పచ్చడి గిన్నె మొయ్యమంటే బ్యాగు కుర్చీకి తగిలించాను, ఒక్క నిమిషమే. తిరిగొచ్చేసరికి ఎవరిదో మూడేళ్ల పాప చాక్లెట్ కోసం బ్యాగులో చెయ్యిపెట్టి, బండను బయటికి తీసి, రెండు చేతుల్తో పట్టుకుని తమ్ముడికి చూపిస్తోంది. అందరూ నవ్వారు. హాలు అవతల ఉన్న ఆంటీ మాత్రం నవ్వలేదు. నడిచి వచ్చి, పాపకు చాక్లెట్ ఇచ్చి, బండను తిరిగి నా బ్యాగులో వేసి, జిప్ లాగి వెళ్లిపోయారు. నాకు ఆ పూట అన్నం సహించలేదు.

అయినా మానతానని నేను అనలేదు. తలుపు హ్యాండిల్ నా కళ్లముందునుంచి పోలేదు. సరే, కాల్చి చూడు అన్నారు ఆంటీ. ఒక శనివారం పొద్దున డెబ్బీ, ఆవిడ కలిసి నన్ను రేంజ్‌కు తీసుకెళ్లారు. చెవులకు, కళ్లకు రక్షణ పెట్టి, ముందు ఆంటీ రివాల్వర్‌లోనే మ్యాగ్నమ్ తూటాలు వేసిచ్చారు. ట్రిగ్గర్ లాగడానికే వేలు బిగుసుకుపోయింది. పేలినప్పుడు మాత్రం, ఎవరో క్రికెట్ బ్యాటుతో అరచేతిమీద కొట్టినట్టే. ముందు నిప్పు, శబ్దం గుండెల్లో. ఆ ఇరుకు గొట్టంలోంచి అంత మంట వస్తుందని ఏ రివ్యూ చదివినా అర్థం కాలేదు. కాగితం మీద బొమ్మకు ఒక్కటి తగిలింది, అదీ చెవి దగ్గర. తర్వాత ఆంటీ అందులోనే థర్టీ ఎయిట్ అనే తక్కువ మందు తూటాలు వేశారు. "ఇవీ ఇందులో పడతాయి, దెబ్బ తక్కువ. నేను మోసేది ఇవే. మ్యాగ్నమ్ అనేది పేరుకే" అన్నారు. చేతికి ప్రాణమొచ్చింది.

చివర్లో ఆవిడ నాకు చూపించకుండా ఏదో వేసిచ్చారు. గురిపెట్టి లాగాను. క్లిక్‌మంది, పేలలేదు. కానీ నా చేతులు మాత్రం పేలినట్టే కిందికి కుంగిపోయాయి. మధ్యలో మందు లేని ఖాళీ తూటా పెట్టారట.

"చూశావా? ఏమీ జరక్కముందే ఎలా జంకావో" అన్నారు నెమ్మదిగా. డెబ్బీ నా భుజం తట్టి, మొదట్లో అందరూ అంతేనంది.

తిరుగు ప్రయాణంలో డెబ్బీని ఇంటి దగ్గర దింపాక ఆంటీ కారు కదపలేదు, ఇంజన్ అలాగే ఉంచి నావైపు తిరిగారు. "ఆపరేషన్‌కు ముందు నేను పేషెంట్లను అడిగేదాన్ని. నిన్నూ అడుగుతాను. చివరిసారి ఎప్పుడు తిన్నావు?"

"పొద్దున తిన్నానాంటీ."

"పేషెంట్లూ ఇలాగే అబద్ధం చెప్పేవాళ్లు. తిని తినలేదనేవాళ్లు. నువ్వు రివర్స్. నిద్ర పడుతోందా? నిన్న ఎవరితో మాట్లాడావు?"

నిన్న ఆఫీసు కాల్‌లో "యూ ఆర్ ఆన్ మ్యూట్" అన్నాను. అంతే గుర్తొచ్చింది. ఆవిడ ఇంకో ప్రశ్న, బీపీ ఎంత అని అడిగినంత మామూలుగా అడిగారు. "చచ్చిపోవాలనిపిస్తోందా?"

ఒళ్లుమండిపోయింది. ఆ వెంటనే ఏడుపొచ్చింది. "లేదాంటీ. కానీ బతికున్నానని ఎవరికీ తెలియట్లేదనిపిస్తోంది" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చేదాకా నాకూ తెలియదు.

ఆవిడ ఓదార్చలేదు. టిష్యూ డబ్బా నా ఒళ్లో పడేశారు. "అయితే తుపాకీ ఇప్పుడొద్దు. తలుపుకు గట్టి గొళ్లెం పెట్టిద్దాం. ఒంటరి ఇంట్లో తుపాకీ ముందు ఎవరివైపు తిరుగుతుందో నేను ఆసుపత్రిలో చూశాను. రేపు ఆదివారం. అన్నానికి రా. పప్పుచారు పెడతాను, అంకుల్ జోకులు భరించాలి మరి."

వెళ్లాను. అలా ఆదివారాలు వాళ్లింట్లో గడిచాయి. నేను తుపాకీ కొననేలేదు. గొళ్లెం బాగానే పనిచేసింది, హ్యాండిల్ తిప్పినవాడు మళ్లీ రాలేదు.

కొన్నాళ్లకు ప్రసాదరావు అంకుల్ తోటలో టమాటాలు కోస్తూ గుండెపోటుతో పోయారు. డబ్లిన్ నుంచి కూతురొచ్చింది, వచ్చేయమ్మా అని బతిమాలింది, ఆంటీ ఇల్లు వదలనంటే ఏడ్చి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఒక ఉదయం ఆంటీ నా అపార్ట్‌మెంట్‌కు వచ్చారు. అదే తొలిసారి. లోపలికి వచ్చి, హ్యాండ్‌బ్యాగ్‌ను ఒళ్లో పెట్టుకోలేదు. బల్ల మీద పెట్టి నావైపు తోశారు.

"తూటాలు తీసేశాను. ఇది నీ దగ్గర ఉంచు, శిరీషా."

"నాకా? ఎందుకాంటీ?"

"పొద్దున అద్దం ముందు నిలబడి నన్ను నేనే అడిగి చూసుకున్నానే. తిన్నావా, నిద్రపోయావా, ఎవరితో మాట్లాడావు అని. జవాబులు బాగా రాలేదు." ఆవిడ గొంతు మామూలుగానే ఉంది, చేతులు మాత్రం ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు చీర కుచ్చిళ్లు సర్దుకున్నాయి. "డెబ్బీ అల్లుడి దగ్గరికి మిస్సోరీ వెళ్లింది. నువ్వున్నావు కదా అని వచ్చాను."

లేచి బియ్యం కడిగాను. ఆ రోజు నా ఇంట్లో ఇద్దరం పెరుగన్నం తిన్నాం, ఆవకాయ ముక్క దగ్గర ఆవిడ అంకుల్ కోసం ఏడ్చారు, నేను పక్కన కూర్చున్నాను. వెంటనే పోయి తాళమేసే చిన్న ఇనప్పెట్టె కొన్నాను. తర్వాత ప్రతి ఆదివారం వాళ్లింటికెళ్లి తిని, లేచేముందు అడిగేదాన్ని. "రివాల్వర్ తెచ్చివ్వమంటారా ఆంటీ?" "ఇంకో వారం ఉండనీ" అనేవారు. కొన్నాళ్లకు ఆవిడ తేరుకున్నారు, అంకుల్ జోకులు తనే చెప్పడం మొదలుపెట్టారు. అయినా అదే జవాబు. నేనూ అడగడం మానలేదు. దసరాకు మాత్రం ఇనప్పెట్టె మోసుకెళ్లేదాన్ని, ఆవిడ కుంకుమ అద్ది నాకే తిరిగిచ్చేసేవారు. పోయేదాకా ఆ ఇంకో వారం అయిపోనే లేదు.

ఆవిడ పోయాక కూతురు ఏం కావాలో తీసుకోమంది. అల్లం బండ ఎప్పటినుంచో నా బ్యాగులోనే ఉంది కాబట్టి ఏమీ అడగలేదు. ఆదివారాలు మాత్రం అలాగే వస్తున్నాయి. పదకొండింటికి కారు తాళం చేతిలోకి తీసుకుంటాను, వెళ్లడానికి చోటు లేదని గుర్తొచ్చి మళ్లీ తగిలించేస్తాను. ఒకటి రెండుసార్లు వాళ్ల వీధిదాకా వెళ్లి, ఆ ఇంట్లో కొత్తవాళ్ల ట్రాంపొలీన్ చూసి తిరిగొచ్చాను. ఈ ఉదయం నూనె రాయడం అయిపోయాక, ఆంటీలాగే నన్ను నేను పైకే అడిగాను, "తిన్నావా? నిద్రపోయావా? ఎవరితో మాట్లాడావు?" మూడింటికీ జవాబు చెప్పడానికి ప్రయత్నించాను. సరిగ్గా రాలేదు.

రివాల్వర్‌ను పెట్టెలో పెట్టి, పెట్టెకు తాళం వేసి, డెబ్బీ ఇంటికి వెళ్లాను. మిస్సోరీ నుంచి ఎప్పుడో వచ్చేసింది, ఇప్పుడు వాకర్ పట్టుకుని నడుస్తోంది. ఆంటీ పోయాక ఆమెను నేను చూడలేదు. ఇది కొన్నాళ్లు మీ దగ్గర ఉంచుతారా అని అడిగాను. దసరాలకు నేను పక్కింటికి తెచ్చే పెట్టెను ఆమె గుర్తుపట్టింది. తాళంచెవి తీసుకుని జేబులో వేసుకుని, నా ముఖంలోకి చూసింది.

"హావ్ యూ ఈటెన్, హనీ?"

నా హ్యాండ్‌బ్యాగ్ ఒళ్లో పెట్టుకుని ఆమె వంటింటి కుర్చీలో కూర్చున్నాను. లోపల అల్లం బండ మోకాళ్లకు బరువుగా తగిలింది. "తిన్నాను" అని నోటిదాకా వచ్చింది.

"లేదు," అన్నాను. "తినలేదు."