ఉరిమితే కట్టెయ్యాలి

మా ఊళ్ళో మోటారున్న ప్రతి రైతుకూ ఒక అలవాటు ఉంటుంది. స్టార్టరు డబ్బాను ముందు చేతి వెనక వైపుతో తాకి చూస్తారు. డబ్బాకు కరెంటు వస్తుంటే అరచెయ్యి దానికే అతుక్కుపోతుంది, వెనక వైపయితే విసిరికొడుతుంది. ఈ సంగతి మా నాన్నకూ తెలుసు. నేను పదో తరగతిలో ఉండగా ఒక మధ్యాహ్నం ఉరుములతో నాలుగు చినుకులు రాలి, పోయిన కరెంటు మళ్ళీ వచ్చింది. మోటారు వేయడానికి తడి కాళ్ళతో కౌలు చేలోకి పోయాడు. ఏ తొందరలో ఉన్నాడో, అరచెయ్యే వేశాడు. సాయంత్రం నులక మంచం మీద మోసుకొచ్చారు.

ఆ తర్వాత మా ఇంట్లో కరెంటుకు కొత్త చట్టాలొచ్చాయి. స్విచ్చి వేసేది అమ్మ ఒక్కతే, అదీ చెప్పులేసుకుని ఎండు కర్రతో. నాకు కట్టెయ్యడానికి మాత్రమే అనుమతి. దూరంగా ఎక్కడో ఉరిమినా సరే, "కట్టెయ్యవే!" అని అమ్మ కేక పెట్టేది, నేను ఉరికి మెయిన్ స్విచ్చి దించేసేదాన్ని. పెళ్ళయి, అది పెటాకులై మళ్ళీ అమ్మ దగ్గరికే వచ్చి పడ్డాక కూడా చట్టం మారలేదు. ఇరుగుపొరుగు నవ్వేవారు. నవ్వితే నవ్వారు, వాళ్ళింట్లో ఎవరూ అలా పోలేదు.

ఏళ్ళ తరబడి మిరప కోతలకూ, కల్లాల్లో రంగుపోయిన తాలుకాయలు ఏరడానికీ పోయాను. ఆ ఘాటు నా ఊపిరితిత్తుల్ని తినేసింది. ఇంకో సీజను కల్లంలో కూర్చుంటే నీ ప్రాణానికి పూచీ లేదని డాక్టరు మొహం మీదే చెప్పాడు. అలాంటప్పుడే చిల్లకల్లు చర్చి వెనక గదిలో ఆడవాళ్ళకు ఉచితంగా కంప్యూటర్ నేర్పుతున్నారనీ, నేర్చుకున్నాక ఉద్యోగం కూడా చూపిస్తారనీ తెలిసింది. గది నిండా కరెంటు తీగలే ఉంటాయన్న సంగతి గుమ్మం దాకా వెళ్ళాక గానీ నాకు తట్టలేదు.

పైగా చెప్పులు బయట విడవాలట. నేను విడవనన్నాను. మాకు నేర్పే అమ్మాయిది వీరులపాడు వైపు, నాకంటే చాలా చిన్నది.

"దుమ్ము పడితే సిస్టమ్స్ పాడైపోతాయక్కా," అంది.

"అది పోతే ఇంకోటి కొంటారమ్మా. నేను పోతే?"

అందరూ పగలబడి నవ్వారు. నేను జోకు వేయలేదు. ఆ పిల్ల మాత్రం నా మొహం చూసి నవ్వడం ఆపేసింది. ఒక గోనెసంచి మడిచి తెచ్చి నా కాళ్ళ కింద వేసింది. మొదటి వారమంతా కీబోర్డును వేళ్ళ వెనకతో తాకి, ఏమీ కాలేదని నమ్మకం కుదిరాకే మొదలుపెట్టేదాన్ని. మిరపకాయలు కోసిన వేళ్ళు కదా, మొదలుపెట్టాక బాగానే పరిగెత్తేవి. భయం మాత్రం అక్కడే కూర్చుని ఉండేది.

నందిగామలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి ఓపీ కౌంటర్లో మనిషి కావాలన్నారు. ఒకరోజు పని చేయించి చూసి, నచ్చితే పెట్టుకుంటారట. దానికి నన్ను పంపారు. షేర్ ఆటోలో కూర్చున్నంతసేపూ ప్రార్థన చేస్తూనే ఉన్నాను. అక్కడా చెప్పులు బయటే. వేరే దారి లేక విడిచాను.

మధ్యాహ్నం దాకా నన్ను చూస్తే నాకే ముచ్చటేసింది. పేరు, ఊరు, వయసు, ఏ డాక్టరు, చీటీ. అంతలో మబ్బు కమ్మింది. తడిసిన గొడుగులతో జనం లోపలికొచ్చారు. నేలంతా నీళ్ళు. నా కాళ్ళ కిందికీ వచ్చాయి. కాళ్ళు పైకి లాక్కున్నాను. అప్పుడు ఆసుపత్రి నెత్తి మీదే పడ్డట్టు ఉరిమింది.

నేను ఆలోచించలేదు. ఒట్టు. లేవడం, వెనక గోడకున్న మెయిన్ దించేయడం రెండూ అయిపోయాయి. కంప్యూటర్లన్నీ ఆరిపోయాయి. ఎవరి చంకలోనో పసిబిడ్డ గుక్కపట్టింది. నేనేం చేశానో అప్పుడు తెలిసి నా పై ప్రాణాలు పైనే పోయాయి.

మేనేజరు పరిగెత్తుకొచ్చాడు. "ఎవరమ్మా కట్టేసింది?"

"నేనేనండి."

"ఎందుకు?"

"ఉరిమిందండి."

వరసలో ముందున్న పెద్దాయన కాలికి కట్టుతో నిలబడి ఉన్నాడు. "ఉరిమితే కట్టెయ్యాలి గదయ్యా! ఆవిడ చేసినదాంట్లో తప్పేవుంది?" అన్నాడు. వెనకున్న రైతులు నిజమేనని తలలూపారు.

"ఇది ఆసుపత్రండీ, మీ బోరు షెడ్డు కాదు!" అని ఆయన మీద అరిచి, మేనేజరు నా వైపు తిరిగాడు. "కట్టేసినావిడే వెయ్యాలి. వేస్తే కూర్చో, లేదంటే ఇంటికెళ్ళిపో."

ఆయనకేం తెలుసు పాపం. కట్టేయడం నా జన్మలో వందల సార్లు చేశాను. వేయడం ఒక్కసారి కూడా ఎరగను. తడి నేల, వట్టి కాళ్ళు, బయట ఉరుములు. నాన్నకు కూడా సరిగ్గా ఇలాగే ఉండి ఉంటుంది. చెమటకు జాకెట్టు వీపుకు అంటుకుపోయింది. ఇంటికెళ్ళిపోదామనే అనుకున్నాను, అడుగు కూడా వేశాను. వెళ్తే మళ్ళీ కల్లమే. కల్లంలో చావు మెల్లగా వస్తుంది, ఇక్కడ ఒక్క దెబ్బకు వస్తుంది. నాకు తోచింది అంతే, ధైర్యం గీర్యం ఏమీ కాదు.

చేతి వెనక వైపుతో తాకాను. ఏమీ కాలేదు. కళ్ళు మూసుకుని, అరచెయ్యి వేసి పైకి ఎత్తాను. టక్కుమంది. కళ్ళు తెరవడానికి కూడా భయమేసింది. ఎవరో "హమ్మయ్య" అన్నారు. అప్పుడు కుర్చీలో కూలబడ్డాను. కీబోర్డు ముందుకు లాక్కున్నాను. ఆ కట్టు కాలి పెద్దాయనే తన పేరు తాను చెప్పుకుని, నిదానంగా కొట్టమ్మా అన్నాడు.

సాయంత్రం మేనేజరు పిలిచాడు. "పని బాగుంది. రేపట్నుంచి రా. పొద్దున్నే ముందొచ్చేది నువ్వే. మెయిన్ వేసి కౌంటర్ తెరవడం ఇక నీ పనే," అన్నాడు. చేతులు జోడించాను. సంతోషానికో భయానికో తెలియదు, అవి ఎంతసేపటికీ విడివడలేదు.

ఇంటికెళ్ళి ఉద్యోగం వచ్చిందంటే అమ్మ రెండు చేతులతో నా బుగ్గలు పుణికి, ప్రభువుకు స్తోత్రం చెప్పింది. అంతలోనే ఆగిపోయింది.

"అంతలా ఉరిమింది గదే. కట్టేసారా?"

"నేనే కట్టేసానమ్మా."

"మరి మళ్ళీ ఎవరేసారు?"

అమ్మ నా కుడిచెయ్యి లాక్కుని అరచెయ్యి తిప్పి చూసింది. వేలు వేలూ నొక్కి చూసింది.

"రేపు కూడా వెయ్యాలమ్మా," అన్నాను. "రోజూ వెయ్యాలి."

తిట్టలేదు, వద్దనలేదు. ఆ పూట కంచంలో అన్నం తనే కలిపి, చిన్నపిల్లకు పెట్టినట్టు ముద్దలు నా నోట్లో పెట్టింది. తన ఎడమచేత్తో పట్టుకున్న నా కుడిచెయ్యి మాత్రం తినడం అయ్యేదాకా వదల్లేదు.