నాన్న సంతకం

మా నాన్న చదవకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టడు. కొరియర్ కుర్రాడు పార్శిల్ తెస్తే గుమ్మంలో నిలబెట్టి రసీదు మొదటినుంచీ చివరిదాకా చదువుతాడు. పాపం, వాడు ఎండలో హెల్మెట్ కూడా తీయకుండా నిలబడి ఉంటాడు. ఎన్నిసార్లు చెప్పినా నాన్న వినడు.

ఆయన మలేసియాలో బటాంగ్ బెర్జుంటై దగ్గర రబ్బరుతోట కూలీల లైను ఇళ్ళలో పుట్టాడు. తోటలో ఉన్నది తమిళ బడి ఒక్కటే, అక్కడే చదివాడు. తెలుగు మాట్లాడడమే గాని చదవడం రాదు. తోట ఆఫీసులో లెక్కల గుమాస్తాగా చేరి, యూనియన్లో తిరిగి, చివరికి రాష్ట్ర శాసనసభకు గెలిచాడు. అప్పట్నుంచి ఊరందరికీ వై.బి., అంటే 'గౌరవనీయులు', అయ్యాడు.

మా దేశంలో వై.బి. ఏ వేడుకకు వచ్చినా వేదిక మీద సర్కారు గ్రాంటు ప్రకటించాలి. తలుపంత అట్టచెక్కు పట్టుకుని ఫొటో దిగాలి. మా నాన్న వచ్చేవాడు, నాలుగు మాటలు చెప్పేవాడు, భోంచేసి చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయేవాడు. 'ఇది ప్రజల డబ్బు, నేనిచ్చినట్టు ఫొటో ఎందుకు' అనేవాడు. సభలో విందులకీ బ్యానర్లకీ ఎంతయిందని సొంత పార్టీ వాళ్ళనే నిలదీసేవాడు. వెనకాల అందరూ ఆయన్ని 'కెడెకుట్' అనేవారు. మలయ్‌లో పిసినారి అని. బడిలో నాకూ అదే పేరు పెట్టారు. ఏడుస్తూ ఇంటికొస్తే అమ్మ నవ్వి, 'దొంగ కూతురంటే మంచిదా ఏటి?' అంది. ఆ మాట పట్టుకుని చాలా ఏళ్ళు తలెత్తుకు తిరిగాను.

అమ్మ ఆదివారం ప్రార్థన అయ్యాక, తోట పాత హాల్లో పిల్లలకు తెలుగు చెప్పేది. జీతం లేదు. ఆవిడకి అదే ప్రాణం. వారమంతా వంటింట్లో గొణుక్కునే మనిషి, ఆ గదిలో అడుగుపెడితే గొంతు ఖంగుమనేది. ఒక గాలివానకి ఆ హాలు రేకులు సగం లేచిపోయాయి.

ఆ వారం అన్నం దగ్గర అమ్మ అడిగింది. నాకు తెలిసి నాన్నని ఆవిడ అడిగింది అదొక్కటే.

"ఏటండీ, ఆ రేకులేయించకూడదా? పిల్లలు తడిసిపోతన్నారు."

నాన్న ముద్ద ఆపాడు. "నా పెళ్ళాం పాటం సెప్పే గదికి నానే సంతకం పెడితే, రేపు సభలో ఇంకొకడ్ని ఏ మొకంతో అడుగుతాను?"

"నా గది కాదది. మన బాస గది."

"రూలు రూలే లా," అన్నాడు నాన్న, మలయ్ వాళ్ళలాగే మాట చివర 'లా' తగిలించి.

తన జీతంలోంచి ఒక టార్పాలిన్ కొనిచ్చాడు. అది ఒక్క వానాకాలం కూడా ఆగలేదు. వై.బి. పెళ్ళాం బడికి మనం చందా వేయడమేమిటని ఊళ్ళోవాళ్ళు ఊరుకున్నారు. వాళ్ళని తప్పుపట్టలేను, నేనైనా అదే అనుకునేదాన్నేమో. ఒక్కొక్కరే పిల్లల్ని మాన్పించారు. అమ్మ హాలుకి తాళం వేసి, తాళంచెవి తోట ఆఫీసులో ఇచ్చేసి వచ్చింది. ఇంట్లో మళ్ళీ పలక తీయలేదు. నేర్చుకున్న నాలుగక్షరాలూ నేను మరిచిపోయాను.

నాన్న నిజాయితీ మీద నాకు ఎప్పుడూ అనుమానం లేదు. కోపం మాత్రం ఉంది. అది ఈనాటికీ పోలేదు. తరవాతి ఎన్నికల్లో సొంత పార్టీయే ఆయనకి సీటివ్వలేదు. ఎవరినీ పల్లెత్తు మాటనకుండా, సర్కారు ఇచ్చిన కుర్చీ, ఫ్యాను తిరిగి అప్పగించి ఇంటికొచ్చాడు.

ఈమధ్యే అమ్మ పోయింది. ఆవిడ పుట్టిల్లు ఇపో పట్నం. అక్కడే, వాళ్ళమ్మ పక్కనే మట్టి చేశాం. సమాధి రాయి చెక్కే చీనా పెద్దాయన తమిళంలో అయితే వెంటనే చెక్కేస్తానన్నాడు. నాన్న ఒప్పుకోలేదు.

"ఆవిడ తెలుగు పంతులమ్మ. తెలుగులోనే ఉండాల," అన్నాడు నాతో.

నేను ఫోన్లో ఇంగ్లీషులో కొడితే తెలుగు అక్షరాలు వచ్చాయి. పెద్దాయన వాటిని పెద్దగా అచ్చు తీసి బల్ల మీద పరిచాడు. ఉలి ముట్టుకునే ముందు ఇంటివాళ్ళు ఆ కాగితం సరిచూసి కింద సంతకం పెట్టాలి. తప్పు చెక్కితే రాయి వృథా.

నాన్న పెన్ను తీశాడు. కళ్ళద్దాలు తుడుచుకుని కాగితం మీదికి వంగాడు.

"ఇది మీ యమ్మ పేరేనా?"

"అనుకుంటున్నాను నాన్నా."

"అనుకోడం కాదమ్మా. సదివి సెప్పు."

నాకు రాదు. నా మొహం చూసి ఆయనకే అర్థమైంది. అమ్మ పేరు మా ఇద్దరి మధ్యా బల్ల మీద ఉంది, ఇద్దరిలో ఎవరికీ చదవడం రాదు.

తెలంగాణ నుంచి వచ్చి కౌలాలంపూర్‌లో మా ఆఫీసులోనే పనిచేసే అమ్మాయికి ఫొటో పంపాను. ఇప్పుడు నాకు అక్షరాలు నేర్పుతున్నదీ ఆ అమ్మాయే. వెంటనే ఫోన్ చేసింది. స్పీకర్ పెట్టాను.

"కరెక్టే ఉందక్కా," అని అమ్మ పేరు చదివింది. దాని కింద ఉన్నదీ చదివింది, "తెలుగు పంతులమ్మ" అని.

నాన్న ఫోన్ దగ్గరికి జరిగాడు. "ఇంకోసారి సదవమ్మా."

ఆ అమ్మాయి మళ్ళీ చదివింది. నాన్న కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. తను చదవలేని ఆ కాగితం మీద సంతకం పెట్టాడు.