కరెంటు పీల్చిన నీళ్లు

నాగవేణి అత్త కంటే ముందు ఆమె అనుమానం పుట్టిందని మా నాన్న అనేవాడు. సొంత చెల్లెలు కాబట్టి ఆయన అనగలిగాడు, మాకంత ధైర్యం లేదు. పాలవాడు వస్తే చెంబులో వేలు ముంచి చూసేది. బెజవాడ నుంచి రంగు డబ్బా తెస్తే మూత తీసి వాసన చూసేది. నిజం చెప్పాలంటే ఆ అనుమానమే ఆమెకు అన్నం పెట్టింది. ఆమె అద్దిన ఎర్రనూలు ఎన్ని ఉతుకులకైనా వెలిసేది కాదు. మా వీధి మగ్గాలన్నీ ఆమె రంగు కాగు మీదే ఆధారపడేవి.

నిరుడు మా ఊరి మంచినీళ్ల చెరువు మీద తేలే సోలార్ పలకలు పెట్టారు. అత్త గట్టు మీదే తీర్పు చెప్పేసింది.

"కరెంటు పీల్చేశాక ఆ నీళ్లలో ఇంకేం సారం ఉంటుంది? ఉత్త పిప్పి!"

"కరెంటు వచ్చేది ఎండలోంచమ్మా, నీళ్లలోంచి కాదు" అన్నాడు ఆమె కొడుకు వేణుగోపాల్. "పొగుండదు, పొలం పోదు."

"మన డాబా మీద ఎండ కాయట్లేదా? నీళ్లతో పనిలేకపోతే నీళ్ల మీదెందుకు పెట్టారంట? కరెంటుకి ఇబ్రహీంపట్నంలో బొగ్గు మండిస్తున్నారుగా, అది చాలదూ?"

వేణు బావ ఆ పలకలు కడిగే ఉద్యోగంలోనే చేరాడు. అది మానేదాకా ఇంట్లో కంచం లేదంది అత్త. ఆయన వచ్చి మా ఇంట్లో తినడం మొదలుపెట్టాడు. ఒక్కగానొక్క కొడుకు పక్కింట్లో చెయ్యి కడుక్కుంటుంటే ఈవిడ ముద్ద ఎలా మింగుతోందో అని నాకు ఒళ్లు మండేది.

ఆ చెరువు నీళ్లు అత్త కాగు దరిదాపులకు కూడా రానివ్వలేదు. ట్రాలీ ఆటో హనుమయ్య డ్రమ్ములతో నీళ్లు పోసేవాడు.

"మీరన్నది నిజమేనండి. నేనా చెరువు వంకే చూడనండి. ఇవి కాలువ నీళ్లండి."

అతని డ్రమ్ములో అత్త ఒక్కనాడూ వేలు ముంచలేదు. లోకాన్నంతా అనుమానించే మనిషి, తన మాటకు తలూపినవాణ్ణి మాత్రం అనుమానించదు. ఎరుపు బ్రహ్మాండంగా పట్టింది. "చూశారా, కాలువ నీళ్ల మహిమ!" అని వీధంతా చెప్పుకొచ్చింది.

మే నెలలో గన్నవరం పెళ్లికి వెళ్లి అత్తా నేనూ బస్సులో తిరిగొస్తున్నాం. వంతెన మీద అత్త ఉన్నట్టుండి లేచి నిలబడింది. కింద కాలువలో చుక్క నీరు లేదు, పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. వేసవిలో కాలువలు కట్టేస్తారని ఆమెకు తెలియక కాదు. హనుమయ్యను అడగాలనే తోచలేదు.

బస్సు దిగి నేరుగా చెరువు దగ్గరికి నడిచింది. హనుమయ్య రేవులో డ్రమ్ములు నింపుతున్నాడు. దూరంగా వేణు బావ పలకలు కడుగుతున్నాడు.

"ఎన్నాళ్ల నుంచయ్యా?"

హనుమయ్య తల దించుకున్నాడు. "మొదట్నుంచీనండి. వేణుబాబే అలా చెప్పమన్నాడండి. నీళ్లు లేకపోతే అమ్మ కాగు ఆరిపోద్ది, అమ్మ బతకదన్నాడండి."

అత్త తన చేతులు చూసుకుంది. గోళ్లలో నిన్నటి ఎరుపు ఇంకా ఉంది. దానికి వంక పెట్టడం ఆమె వల్ల కాలేదు. కళ్లు తుడుచుకుని రేవులోకి దిగింది. నీళ్లలో వేలు ముంచి, వాసన చూసి, మొహం చిట్లించింది.

"ఒరేయ్ వేణూ!" అని గట్టిగా కేకేసింది. "ఈ హనుమయ్య ఒడ్డున బురదలో ముంచుతున్నాడు, ఇతన్ని నేను నమ్మను. ఆ పలకల నీడన నీళ్లు తేటగా ఉన్నాయి. అక్కణ్ణుంచి నువ్వే ముంచుకుని ఇంటికి రా. అన్నం వండుతాను."