బ్యాటరీలు పీకిన బావ

పొద్దున మా ఫ్యామిలీ గ్రూపులో అత్త కొడుకు, మా బావ, ఒక ఫోటో పెట్టాడు. చేతిలో పట్టుకుని ఆడే ఆ పాత ఫైటింగ్ వీడియో గేమ్. కింద "మన బంగారు రోజులు" అని రాశాడు. బంగారమట!

మన ఈడు వాళ్లకి గుర్తుండే ఉంటుంది. రాజపాళయం బస్టాండు దగ్గర కొట్లో, పెద్ద మెషీన్ మీద రంగురంగులుగా కొట్టుకున్న వీరులే ఇందులోకి వచ్చేసరికి అగ్గిపెట్టెంత తెర మీద బూడిదరంగు బొద్దింకలయ్యారు. గేమ్ బావది కాబట్టి, ఆ బొద్దింకల కోసం అతని ముందు చేతులు కట్టుకుని నిలబడేవాళ్లం. బటన్లు నొక్కీ నొక్కీ బొటనవేళ్లు బొబ్బలెక్కితే, పక్కూరు సత్రపట్టిలో బ్యాండేజ్ గుడ్డ నేసే మగ్గాల నుంచి నాన్న తెచ్చే ముక్కలు చుట్టుకునేదాన్ని. బావ కూడా చుట్టుకునేవాడు.

ఒకరోజు, బావ ఏనాడూ గెలవలేని ఆఖరి వీరుణ్ణి నేను పడగొట్టాను.

"గుడ్డ చుట్టుకొని ఆడినావు, ఇది చెల్లదు పో!" అంటూ లాక్కుని, తెర మీద నా గెలుపు ఎవరూ చూడకముందే బ్యాటరీలు పీకేశాడు.

ఇవాళ గ్రూపులోనే అడిగాను: "బావా, ఆఖరివాణ్ణి ఎవరు పడగొట్టినారు?"

చూశాడు. ఐదు నిమిషాల్లో ఫోటో మాయం.

నలభై దాటినా పెద్దమనిషి ఇంకా బ్యాటరీలే పీకుతున్నాడు.