సాక్ష్యంలో చెప్పని మాత్రలు

ఆ రోజు పొద్దున తడిపిన తునికాకు సాయంత్రానికి చాటలోనే ఎండిపోయింది. కత్తెర చేతిలోనే ఉంది, ఒక్క బీడీ చుట్టలేదు. మెట్‌పల్లి పక్క ఊళ్లో పన్నెండేళ్లుగా బీడీలు చుడుతున్న నాకు అలా కావడం అదే మొదలు. ఏడుపు రాలేదు, ఆకలీ కాలేదు. "పోశమ్మను ఇడ్శిపెట్టి పోతే గిట్లనే అయితది" అంది మా అత్త.

మేం మాదిగలం. అంతకు రెండేళ్ల ముందు నేనూ మా ఆయనా ఊరి దేవత పోశమ్మను వదిలి బాప్తిస్మం తీసుకున్నాం. ఎందుకని అడిగేవాళ్లకు ఒకటే చెప్తాను: ఊళ్లో మమ్మల్ని గడప బయట నిలబెట్టి మాట్లాడతారు, చర్చి సంఘంలో "సిస్టర్, కూర్చోండి" అని కుర్చీ వేశారు. ఆ కుర్చీ కోసం ఏమైనా చేసేదాన్ని. చేశాను కూడా.

నెల రోజులు నిద్ర లేకపోతే మా ఆయన కరీంనగర్ తీసుకుపోయాడు. "ఇది డిప్రెషన్ అమ్మా. బీపీ, షుగర్ లాగే జబ్బు. నేను చెప్పేదాకా మాత్రలు ఆపొద్దు" అన్నారు డాక్టర్. రెండు నెలలకు నిద్ర పట్టింది, చెయ్యి ఆడింది.

ఆ తర్వాతి ఆదివారం, దేవుడు నాకు చేసిన మేలు గురించి అందరి ముందు సాక్ష్యం చెప్పమన్నారు పాస్టరయ్య. మైకు పట్టుకుని, ప్రార్థనతోనే బాగయ్యానన్నాను. మాత్రల మాట మింగేశాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఇక మాత్ర వేసుకుంటూ ఎవరి కంటైనా పడితే అబద్ధాలకోరునవుతానని భయపడి ఆపేశాను.

మూడు వారాలకు, అన్నం తింటున్న నా బిడ్డతో "నాకు బతకాలని లేదు" అన్నాను. దానికి తొమ్మిదేళ్లు. ముద్ద కంచంలో పెట్టేసింది. మళ్లీ కరీంనగర్ పోయాం. "రిలాప్స్ అయింది, జబ్బు తిరగబెట్టింది. ఎవరు ఆపమన్నారు?" అన్నారు డాక్టర్. ఎవరూ అనలేదు. పాస్టరయ్య కూడా అనలేదు.

తిరిగొచ్చేసరికి శాంతక్క ఇంటి ముందు జనం. ఆమె కూడా బీడీలే చుడుతుంది, సంఘంలో నా పక్క కుర్చీ. ఫిట్స్‌కు మాత్రలు వాడేది. నా సాక్ష్యం విని మానేసింది. ఫిట్స్ వచ్చి కట్టెలపొయ్యి మీద పడింది, కుడిచెయ్యి కాలింది. "నువ్వు మంచిగైతివి గదా, నేను సుత అయిత అనుకున్న" అంది. తిట్టినా బాగుండేది.

మరుసటి ఆదివారం మాత్రల షీట్ పట్టుకుని లేచి అంతా చెప్పాను. చప్పట్లు లేవు. "విశ్వాసం లేనిదానివి మైకెందుకు పట్టినవ్?" అంది వెనక నుంచి ఒకామె. అప్పటి నుంచి నాకెవరూ కుర్చీ వేయడం లేదు, చాప మీద కూర్చుంటున్నాను. "గీ దేవుడు సుత కిందనే కూసోబెట్టిండా?" అని నవ్వింది మా అత్త.

ఇప్పుడు మాత్రలు వేసుకుంటున్నాను, ప్రార్థనకూ పోతున్నాను. నాకు రెండూ కావాలి. మీరు సాక్ష్యం చెబితే దేవుడి పేరుతో పాటు మాత్ర పేరూ చెప్పండి. వినేవాళ్లలో ఎవరు ఏది మానేస్తారో మీకు తెలియదు. శాంతక్క వేళ్లు ముడుచుకుపోయాయి. ఆమెకు ఇక బీడీ చుట్టడం కుదరదు.