అద్దంలాంటి నేల

యూనివర్సిటీలో నాట్యం డిగ్రీ మూడో ఏడు చదువుతున్న ఆ పిల్లకి, పొడుగు కాళ్లకూ ముక్కు మీది కోపానికీ కలిపి వాళ్ల అమ్మమ్మ నిప్పుకోడి అని పేరు పెట్టింది. బస్సు కోసం ఆగినా ఒంటికాలి మీదే నిలబడుతుంది. లైబ్రరీలో బల్ల కింద ఆమె మడమలు తాళం వేస్తుంటే పై అంతస్తులోని పుస్తకాలు కూడా తలలూపుతాయని చెబుతారు. “డాన్సుకి కూడా డిగ్రీయా?” అని ఎవరైనా అడిగితే ఒక్క చూపు చూస్తుంది, అడిగినవాడి నోరు ఎండిపోతుంది.

సెలవుల నుంచి వచ్చేసరికి సాధన గదిలో చెక్క నేల పీకేసి నున్నటి రాయి పరిచారు. ఎల్లుండే ఆఖరి పరీక్ష. ఆమె మోకాలికి అప్పటికే పట్టీ ఉంది. భవనాల పనులు చూసే ఇంజినీరు గది నడుమ మురిసిపోతూ నిలబడ్డాడు.

“చూశావామ్మా, అద్దంలా ఉంది. మొహం చూసుకోవచ్చు.”

“మేం ఆడేది మొహంతో కాదు సార్. బూట్లు విప్పి ఒక్కసారి గట్టిగా ఎగరండి.”

ఆయన నవ్వుతూ ఎగిరాడు. కిందికి దిగేసరికి నవ్వు లేదు, చెయ్యి మోకాలి మీదుంది.

“మాకు పొద్దస్తమానం ఇదే పని సార్.”

“సరేలే, ఈసారికి సర్దుకో తల్లీ.”

నిప్పుకోడి వరండాలో గుట్టగా పారేసిన పాత చెక్కల్లోంచి ఒకటి పట్టుకుని, గుమ్మం నుంచి గది నడుమ దాకా ఈడ్చుకొచ్చింది. కొత్త రాయి మీద పొడుగ్గా గీత పడింది.

“గీతలు పడుతున్నాయమ్మా,” అని ఆయన మొత్తుకున్నాడు.

“సర్దుకోండి సార్,” అంటూ ఆమె రెండో చెక్క కోసం వెళ్లింది.