పాతరలోకి దించిన లైటు

ఎవరైనా దయ్యం కథ చెబితే, అక్కడ కరెంటు తీగ ఎటు పోతుందని ముందు అడిగే రకం నేను. ఎలక్ట్రానిక్స్ చదివాను. నంద్యాలలో ఉంటూ చుట్టుపక్కల ఊళ్లలో సోలార్ పంపులు బాగుచేస్తాను. ఇది మాత్రం జరిగింది కాబట్టి రాస్తున్నాను.

నా పనికి జేబులో టార్చిలైటు తప్పనిసరి. కొనేముందు చాలా చూశాను. చొక్కా జేబులో బరువు తెలియకూడదు. నీళ్లలో పడినా చెడకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, బ్యాటరీ తగ్గేకొద్దీ వెలుగు మసకబారకూడదు; చివరిదాకా ఒకేలా వెలిగి ఒక్కసారిగా ఆగిపోవాలి. అలాంటిదే కొన్నాను.

పోయిన వానాకాలంలో ఆళ్లగడ్డ దగ్గర మా ఊళ్లో, ఇంటి ముందర నేల కుంగింది. కింద పాతర ఉంది. జొన్నలు దాచడానికి పెద్దలు తవ్విన గొయ్యి అది; మూతి ఇరుకు, లోపల గదంత వెడల్పు. ఎన్నో ఏళ్లుగా తెరవలేదు. ఆ గొయ్యి ఇంటి గోడ కిందికి పోయిందేమో చూసి పూడ్చాలి. మా చిన్నాయన తాడు కట్టుకుని దిగుతానన్నాడు.

మా అవ్వ ఒప్పుకోలేదు. పాతర తెరిస్తే ముందు లాంతరు దించాలి; దీపం ఆరితే లోపల చెడుగాలి ఉన్నట్టే, ఆ రోజు ఎవరూ దిగకూడదు అంది. అలా చూడకుండా దిగిన అవ్వ మామగారు, అంటే చిన్నాయనకు జేజినాయన, అందులోనే పోయాడట. ఇప్పుడు ఇంట్లో లాంతరు లేదు, ఊళ్లో కిరసనాయిలూ లేదు.

"పొద్దున్నుంచి మూత తీసే పెట్టినాం కదమ్మా. జేజినాయన ఇంగా ఈడ్నే నాకోసం కాచుకోని ఉండాడా ఏంది?" అన్నాడు చిన్నాయన, తాడు ముడేసుకుంటూ.

పొద్దున్నుంచి లోపలికి ఆడిన గాలి చాలునని నాకూ అనిపించింది. అడుగు కనబడాలని నా టార్చిని సన్నతాడుకు కట్టి దించాను. లాంతరులా దీనికి గాలితో పని లేదని చిన్నాయనకు చెప్పాను కూడా. అప్పుడు మిట్టమధ్యాహ్నం.

మనిషి లోతు దాటగానే తెల్లటి వెలుగు పసుపయింది. తర్వాత ఎర్రబడింది. తాడు కదలడం లేదు, వెలుగు మాత్రం వత్తిలా అటూ ఇటూ ఊగి ఆరిపోయింది. పైకి లాగితే మూతి దగ్గర మళ్లీ తెల్లగా వెలిగింది. రెండోసారీ అంతే.

"గాలితో పన్లేదంటివే అబ్బీ, ఇదేందిరా?" అన్నాడు చిన్నాయన.

కాంటాక్టు వదులై ఉంటుందన్నాను. ఫోను లైటు చాలని ఆయన కాలు లోపల పెట్టాడు. అవ్వ వచ్చి ఆయన నడుము తాడు పట్టుకుంది.

"కోడిని దించు. అది బతికొస్తే నువ్వు పో."

కోడిపెట్టను గంపలో పెట్టి దించాం. కాసేపు రెక్కలు కొట్టుకున్న చప్పుడు వినిపించింది. గంప పైకి వచ్చేసరికి దాని మెడ వాలిపోయి ఉంది. చిన్నాయన దాన్నే చూస్తూ కూలబడ్డాడు. ఆయన నడుముకున్న ముడి నేనే విప్పాను.

ఆ సాయంత్రమే ట్రాక్టరుతో మట్టి తోలించి పాతర పూడ్చాం. కాబట్టి అక్కడ మళ్లీ పరీక్షించే వీలు లేదు. చెడుగాలి ఎందుకు చేరిందో చెప్పగలను: అడుగున తడిసి కుళ్లిన జొన్నలు. లైటు సంగతే చెప్పలేను. నంద్యాలలో దాన్ని విప్పి మీటరు పెట్టి చూశాను. కాంటాక్టులు బాగున్నాయి. ఊపాను, తడిపాను, ఫ్రిజ్‌లో పెట్టాను, బ్యాటరీ అయిపోయేదాకా వెలిగించాను. ఒక్కసారి కూడా పసుపు రంగు రాలేదు. ఆ రంగు ఇచ్చే భాగమే అందులో లేదు.

అవసరమైన చోట ఆరిపోయిన లైటును మళ్లీ నమ్మకూడదని ఎవరడిగినా నేనే చెబుతాను. కొత్తది కొన్నాను కూడా. అది డబ్బాలోనే ఉంది. పొద్దున చొక్కా వేసుకునేటప్పుడు చెయ్యి పాతదాని మీదికే పోతోంది. ఎందుకో రాయడానికి నా దగ్గర కారణం లేదు.